ఈసారైనా వేలంలో జట్టును విడగొట్టకండి

తెలుగు టైటాన్స్ గురించి ఎప్పటి నుంచో రాయాలనుకుంటున్నా, పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. 2014లో ప్రో కబడ్డీ మొదలైన రోజు నుంచి ఉన్న జట్టు మనది. పన్నెండు సీజన్లు అయిపోయాయి, ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. 2017లో వచ్చిన హర్యానా స్టీలర్స్ కప్పు కొట్టి వెళ్లిపోయింది, మనం ఇంకా ‘వచ్చే ఏడాది’ అంటూనే ఉన్నాం.

ఓడినప్పుడల్లా ఆటగాళ్లను తిట్టేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం వేలం టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లనే అడుగుతా. ఏళ్ల తరబడి వాళ్లు చేసింది ఒకటే పని, కూతకెళ్లే ఒక పెద్ద రైడర్‌ని తెచ్చుకుని మొత్తం బరువు వాడి మీద పెట్టడం. మొదట రాహుల్ చౌదరి, తర్వాత కోటీ 45 లక్షలు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్. 8వ సీజన్‌లో సిద్ధార్థ్ గాయంతో తప్పుకోగానే జట్టు కూలిపోయింది, 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచాం. 9వ సీజన్‌లో పేరున్న డిఫెండర్లను కూడా తెచ్చారు, కానీ వాళ్లు కలిసి ఆడటం అలవాటయ్యేలోపే సీజన్ అయిపోయింది, రెండే గెలుపులు. 10లో పవన్ సెహ్రావత్‌కి 2 కోట్ల 60 లక్షలకు పైగా పోశారు, అప్పటికి అదే రికార్డు ధర. మళ్లీ రెండే. అంటే మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి ఐదు గెలిచాం! ఆ మూడు సీజన్లకీ ముగ్గురు కోచ్‌లు.

పవన్ తప్పేం లేదు. ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు, ఇంకేం చేస్తాడు చెప్పండి? కబడ్డీలో రైడర్ ఒకసారి దొరికిపోతే బయట కూర్చోవాల్సిందే. వాడు మళ్లీ లోపలికి రావాలంటే మిగతావాళ్లు ఒక పాయింటు తేవాలి: అవతలి జట్టు నుంచి కూతకొచ్చినవాణ్ని పట్టాలి, లేదా ఇంకో రైడర్ అవతలివాణ్ని తాకి టచ్ పాయింటు తేవాలి. మనకు ఆ రెండూ లేవు. కోట్లు పోసి కొన్న మనిషి నిమిషాల తరబడి బెంచీ మీద కూర్చుని చూస్తుంటే, ఇక్కడ టీవీ ముందు మాకు టెన్షన్‌తో అన్నం దిగేది కాదు. సంక్రాంతికి మా విజయనగరం జిల్లాలో ఊళ్ల మధ్య పోటీలు ఆడే కుర్రాణ్ని ఎవర్నడిగినా చెప్తాడు, కార్నర్లు, అంటే రెండు చివర్ల నిలబడి పట్టేవాళ్లు, గట్టిగా లేని జట్టుకి ఎంత మంచి కూతగాడున్నా లాభం లేదని.

11వ సీజన్ నుంచి కాస్త దారిలో పడ్డారు, ఒప్పుకుంటా. కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక 12 మ్యాచ్‌లు గెలిచి కూడా కొద్దిలో ప్లేఆఫ్ పోగొట్టుకున్నాం. 2025లో పవన్ లేకుండానే విజయ్ మలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా తోడుగా, ఇద్దరు ముగ్గురు రైడ్ చేసే జట్టు కనిపించింది, డిఫెన్స్‌లో శుభమ్ షిండే, అజిత్ పవార్ లాంటివాళ్లు నిలబడ్డారు. మొంథా తుఫాను వానల్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రాత్రి, పుణేరి పల్టన్‌తో క్వాలిఫయర్ 2, అంటే గెలిస్తే ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్, చూశాం. 50-45. ఐదు పాయింట్ల దూరంలో ఫైనల్ పోయింది. బాధ ఇప్పటికీ ఉంది, కానీ ఈ జట్టు మీద కోపం రాలేదు, చాలా ఏళ్లకు మొదటిసారి. నా భయమల్లా, ఇంత కష్టపడి కుదిరిన జట్టుని వచ్చే వేలంలో మళ్లీ ఎవరో ఒక్క స్టార్ కోసం చెదరగొడతారేమోనని.

ఇంకోటి, తెలుగు కుర్రాళ్లు. జట్టు పేరులో తెలుగు ఉంది, లిస్టులో మాత్రం మనవాళ్లను వెతుక్కోవాలి. హర్యానా కుర్రాళ్లు వద్దని కాదు, ఆట బాగా వచ్చినవాడు ఎక్కడివాడైనా మనవాడే. కానీ రాజాం, పాలకొండ, చీపురుపల్లి వైపు కాళ్లలో అంత చురుకున్న పిల్లలు ఉన్నారు, మట్టిలోనే ఆడతారు, మ్యాట్ మీద అడుగు పెట్టే అవకాశం రాదు. బూట్లు వేసుకుని మ్యాట్ మీద ఆడటం వేరే విద్య, అది నేర్పాలి, ఏడాదంతా నేర్పాలి. కొత్త కుర్రాళ్లను వేలంతో పనిలేకుండా తీసుకునే వీలు లీగ్ ఇస్తోంది కదా. ఏడేళ్ల తర్వాత 2025లో వైజాగ్‌లో మ్యాచ్‌లు పెడితే ఇక్కడి నుంచి గంటన్నర దూరం, జనం బస్సులెక్కి వెళ్లారు. ఆ జనం టిక్కెట్లు కొనడానికే పనికొస్తారా? విజయనగరంలో ఒక ట్రయల్స్, శ్రీకాకుళంలో ఒకటి పెట్టండి, అందులోంచి ఇద్దరిని తీసుకుని రెండేళ్లు జట్టుతోపాటు ఉంచండి. ఒక స్టార్‌కి పోసే డబ్బులో ఇది ఎంత?

వేలానికి ముందు ఉంచుకున్నవాళ్ల లిస్ట్ వస్తుంది. అందులో విజయ్, భరత్ పేర్లతోపాటు డిఫెండర్ల పేర్లు ఎన్ని ఉన్నాయో ముందు చూస్తాను. కోచ్‌ని కూడా కదపకండి.