షా-256 హ్యాష్ గారి దివ్యసముఖానికి

హనుమకొండ

ఏ ఫైలుకైనా వేలిముద్ర లాంటి అక్షరాల వరుస కట్టిచ్చే మహారాజశ్రీ హ్యాష్ గారికి,

సద్దుల బతుకమ్మ సెలవు నాటి మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిపిన, సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టే ఒక ప్యాకేజర్ రాసుకుంటున్న విన్నపం ఇది. గ్నూ గీక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వ్యవస్థ కోసం, తెలుగులో అక్షరదోషాలు పట్టే ఒక నిఘంటువుకు స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీ నిర్వచనం రాశాను. సినాప్సిస్ చివర చుక్క పెట్టకూడదని, డిస్క్రిప్షన్‌లో మాత్రం చుక్క తరువాత రెండు ఖాళీలు వదలాలని నిర్వచనంలో తప్పులెంచే లింట్ గారు సెలవిచ్చినా నోరెత్తలేదు. ఇన్‌పుట్స్, నేటివ్ ఇన్‌పుట్స్, ప్రాపగేటెడ్ ఇన్‌పుట్స్ అనే మూడు అవసరాల జాబితాల, అంటే ముగ్గురు అన్నదమ్ముల మధ్య వాటాలు తేల్చడానికి పెద్దమనుషుల పంచాయితీ పెట్టినంత పనైనా ఓర్చుకున్నాను.

నా యంత్రం మీద సజావుగా బిల్డ్ అయిన ఆ ప్యాకేజీ, కాజీపేటలోని మిత్రుడి యంత్రం మీద ‘హ్యాష్ మిస్‌మ్యాచ్’ అంటూ కూలబడింది. నిర్వచనంలో రాసి పెట్టిన, తమరు కోరిన 52 అక్షరాలు ఒక వరుస, వచ్చిన 52 అక్షరాలు ఇంకొక వరుస. రెండింటికీ ఎక్కడా పొంతన లేదు. ఎవరో కోడ్ అంతా తిరగరాశారేమోనని హడలిపోయి, గీక్స్ ఫైళ్లు దాచే నా స్టోర్‌లో మిగిలిన పాత టార్‌బాల్‌నూ (కోడ్ మూటనూ) కొత్తదాన్నీ విప్పి ఫైలు ఫైలుగా పోల్చి చూస్తే తేలిందేమిటయ్యా అంటే, రీడ్‌మీ అనే పరిచయ పత్రంలో ‘నిగంటువు’ అని పడిన తప్పును ‘నిఘంటువు’ అని దాని రచయిత దిద్ది, వెర్షన్ సంఖ్య మార్చకుండానే అదే పేరుతో టార్‌బాల్‌ను మళ్లీ ఎక్కించారు. ఒక్క ఒత్తు! ఒక్క బిట్ మారినా మొత్తం మారిపోవడమే తమరి ప్రజ్ఞ అని ఎరుగుదును. కానీ మారింది ఒత్తా, కొంప ముంచే కోడా అన్నది చెప్పడం తమరి ధర్మంలో లేదట.

పోనీ, అసలు దొంగ వచ్చిన రోజున చేసిందేమిటి? 2024లో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 టార్‌బాల్‌లలో దొడ్డిదారి దాచి పంపినప్పుడు, విడుదల చేసినవాడే దొంగ కాబట్టి లెక్క అక్షరాలా కుదిరింది, నువ్వు వంగి దండం పెట్టి తలుపు తీశావు. దూరపు యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడకపోతే ఆ గుట్టు ఎన్నాళ్లు దాగేదో! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒప్పుకుంటాను. మరి అంతోటి ఈశ్వరుడివి పండగపూట ఒత్తు కోసం నా పీక మీద కూర్చోవడమెందుకు?

నిన్ను తీసి పారేద్దామంటే, నాకు అందిన కోడే కాజీపేటలోనూ అందిందని సాక్ష్యం చెప్పే దిక్కు ఇంకొకటి లేదు. అదీ నీ ధీమా. కొత్త 52 అక్షరాలు అతికించి పంపుతున్నాను. ఆ రీడ్‌మీలోనే ‘అక్షరధోషాలు’ అని ఇంకొకటి మిగిలి ఉంది, అది ఆ మహానుభావుడి కంట పడకుండా చూసే భారం మాత్రం తమరిదే.

ఇట్లు,
తమ విధేయుడు