రావలసిన బాకీ: ఐదు నిమిషాల పెనాల్టీ

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తా. చిట్టా రాసేవారు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. రాత్రి కొట్టు కట్టేవేళకి లెక్క కుదరకపోతే ఆయనకి అన్నం సహించేది కాదు. అర్ధరూపాయి తేడా వచ్చినా అంతే, కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేవారు.

ఆయన కొడుకుగా నేనూ ఒక చిట్టా రాస్తున్నాను. టొరంటో మేపుల్ లీఫ్స్ అనే ఐస్ హాకీ జట్టుకి, అంటే మాకు, ప్లేఆఫ్స్‌లో రిఫరీలు చేసిన అన్యాయాల లెక్క అది. ఖర్చు వైపు చోటు చాలక విడికాగితాలు కుట్టాను. జమ వైపు ఇంతవరకు ఒక్క పద్దు పడలేదు. ఇంత పెద్ద తేడా ఉన్నా నాకు అన్నం బాగానే సహిస్తోంది.

మొదటి పద్దు 1993 మే 27. లాస్ ఏంజెలస్ పక్కన ఇంగిల్‌వుడ్. లాస్ ఏంజెలస్ జట్టుతో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో మేం 3-2తో ముందున్నాం. ఇంకొక్కటి గెలిస్తే స్టాన్లీ కప్ ఫైనల్, 1967 తర్వాత మొదటిసారి. మా వెండెల్ క్లార్క్ తన మూడో గోల్ కొట్టి 4-4 చేశాడు. ఓవర్‌టైమ్ మొదలైందో లేదో, వాళ్ళ వేన్ గ్రెట్‌స్కీ కర్ర మా డగ్ గిల్మర్ గడ్డానికి తగిలింది. రక్తం వచ్చింది. ఆనాటి రూల్ ప్రకారం కర్ర పైకి లేచి ఎదుటివాడి రక్తం కళ్ళజూస్తే ఐదు నిమిషాల పెనాల్టీ, అంటే అంతసేపు వాడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి, పైగా వాడు ఆటలోంచి బయటికి. రిఫరీ కెరీ ఫ్రేజర్, హెల్మెట్ లేకుండా, చెక్కుచెదరని క్రాపుతో వెళ్ళి ఇద్దరు లైన్స్‌మెన్‌ని అడిగాడు. వాళ్ళూ చూడలేదట. పెనాల్టీ లేదు. ఓవర్‌టైమ్‌లో 1 నిమిషం 41 సెకన్ల దగ్గర గోల్ పడింది. కొట్టిందెవరో చెప్పాలా? గ్రెట్‌స్కీ. ఆ సమయానికి మావాడొకడు బోర్డింగ్ చేసి, అంటే ఎదుటివాణ్ణి అంచు గోడకేసి గుద్ది, పెనాల్టీ బాక్సులో కూర్చుని ఉన్నాడన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఇది నేను చెబుతుంటే చూడాలి. గిల్మర్ తల విసురుగా వెనక్కి వెళ్ళడం, చేత్తో గడ్డం తడుముకుని వేళ్ళకేసి చూసుకోవడం, అభినయంతో సహా వస్తుంది. ఒక్కటే చిక్కు. ఆ మ్యాచ్ జరుగుతున్నప్పుడు నేను గుంటూరులో ఉన్నాను. అక్కడ మర్నాడు ఉదయం. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. తొమ్మిదో తరగతి సెలవులు. అప్పటికి నాకు తెలిసిన ఐసల్లా సోడా కొట్టు ముందు ఊకలో పాతి, తడి గోనెసంచి కప్పిన దిమ్మ. దాన్ని చేత్తో ముట్టుకుంటేనే సోడా కొట్టాయన కసిరేవాడు. దాని మీద పన్నెండుమంది కర్రలతో కొట్టుకుంటారని ఎవరైనా చెబితే, ముందు ఆ కొట్టాయన ఒప్పుకోడు కదా అనేవాణ్ణి.

అయినా సాక్షిని నేనే. ఎలాగంటే ఇది నాకు సంక్రమించిన ఆస్తి.

2003 జనవరిలో టొరంటో వచ్చి స్కార్‌బరోలో ఒక బేస్‌మెంట్ అద్దెకి తీసుకున్నాను. ఇంటాయన డెబ్బై దాటిన పెద్దమనిషి. హీటర్ ఎక్కడుందో చూపించకముందే 1993 గురించి మొదలుపెట్టాడు. ఊడ్చే చీపురు తిరగేసి, దాన్ని గ్రెట్‌స్కీ కర్రగా పట్టుకుని, నన్ను గిల్మర్‌గా నిలబెట్టాడు. గ్లోవ్స్ కూడా తియ్యకుండా విన్నాను. కొత్త దేశం, తెలిసినవాళ్ళు లేరు, ఆ ఊళ్ళో చెప్పుకోవడానికి నాకంటూ పాత సంగతి ఒక్కటి లేదు. ఆయన తన దగ్గరున్నదాంట్లోంచి ఒకటి తీసి ఇచ్చాడు. పుచ్చుకున్నాను. క్రికెట్ అంపైర్లని తిట్టి పెరిగినవాణ్ణి కాబట్టి శిక్షణ కూడా పెద్దగా అవసరం లేకపోయింది.

అందుకే కెనడా ప్రభుత్వానికి ఒక మనవి. పౌరసత్వ పరీక్షలో ఇరవై ప్రశ్నలిచ్చి పదిహేనుకి జవాబు చెబితే చాలంటున్నారు. సమాఖ్య ఏర్పడింది 1867లో అని ఎవడైనా బట్టీపట్టి చెబుతాడు. దానివల్ల మనిషి కెనడియన్ అయిపోతాడా? నేనైతే కాలేదు. ఒకరోజు ఆఫీసు లిఫ్టులో ఎవరో ఫ్రేజర్ పేరెత్తితే నా నోట్లోంచి అప్రయత్నంగా ఒక గుంటూరు మాట వచ్చింది. ఆ క్షణాన అయ్యాను. లిఫ్టులోవాళ్ళకి మాట అర్థం కాకపోయినా భావం చేరింది. ఒకాయన భుజం తట్టాడు. కాబట్టి ఆ ఇరవై ప్రశ్నలూ తీసేసి ఒక్కటే అడగండి: ఎవరి కర్ర, ఎవరి గడ్డం? దరఖాస్తుదారు గొంతు వణికితే ప్రమాణం చేయించి పంపెయ్యండి.

ఫ్రేజర్ విషయంలో న్యాయంగా ఉండాలి. తను చూడలేదనీ, పొరపాటు జరిగిందనీ ఆయన తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే బాకీ తీరుతుందా? నోటు రాసిచ్చినట్టవుతుంది, అంతే. ముప్పై ఏళ్ళు దాటిన అసలు, దాని మీద వడ్డీ, చక్రవడ్డీ. ఐదు నిమిషాల పెనాల్టీ ఈపాటికి ఎన్ని సీజన్లయిందో లెక్క కట్టడానికి నాన్న లేరు.

దీనికి అనుబంధ పద్దు ఒకటుంది. మమ్మల్ని దాటుకుని ఫైనల్‌కి వెళ్ళిన ఆ లాస్ ఏంజెలస్ జట్టే, సరిగ్గా వారానికి, జూన్ 3న మాంట్రియల్‌లో ఆడుతోంది. చివరి రెండు నిమిషాల్లో మాంట్రియల్ కోచ్, మార్టీ మెక్‌సోర్లీ కర్ర వంపు కొలవమన్నాడు. రూల్ అర అంగుళం. కొలబద్ద తెచ్చారు, పెట్టారు, ఎక్కువుంది, పెనాల్టీ ఇచ్చారు. మాంట్రియల్ ఆ మ్యాచూ గెలిచింది, కప్పూ గెలిచింది. ఆ రోజు రిఫరీ ఎవరనుకున్నారు? ఫ్రేజరే. గడ్డాన్ని తాకిన కర్ర కనిపించని కంటికి, అర అంగుళం మీద వెంట్రుకవాసి కనిపించింది. నా చిట్టాలో ఈ పద్దు కింద ఎర్ర గీతలు రెండున్నాయి.

మే 27కీ జూన్ 3కీ మధ్య, 29న, ఇంకో మ్యాచ్ జరిగిందని కొందరు గిట్టనివాళ్ళు గుర్తుచేస్తుంటారు. జరిగింది. ఏడో మ్యాచ్, మా ఊళ్ళోనే, మా జనం ముందే. గెలిస్తే ఫైనల్‌కి మేమే. గ్రెట్‌స్కీ మూడు గోల్స్ కొట్టాడు, మేం 5-4తో ఓడిపోయాం. వాడు పుట్టింది కూడా ఎక్కడో కాదు, మాకు వంద కిలోమీటర్ల దూరంలో, బ్రాంట్‌ఫర్డ్‌లో. ఇంత ఉన్నా ఆ మ్యాచ్ చిట్టాలో లేదు. రిఫరీ తప్పులేని ఓటమి నా శాఖ పరిధిలోకి రాదు.

అదే కారణంగా 2013 మే 13 కూడా లేదు. బోస్టన్ మీద ఏడో మ్యాచ్. చివరి పీరియడ్‌లో 4-1తో ముందుండి, ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడాం. ఇది మాత్రం నా కళ్ళతో, సోఫా చివర కూర్చుని, మొదటినుంచి చివరిదాకా చూశాను. నాకేమీ గుర్తులేదు.

2022 వేరు. టాంపా మీద ఏడో మ్యాచ్‌లో జాన్ టవారెస్ గోల్ కొడితే, మావాడు జస్టిన్ హోల్ ఎవరికో అడ్డొచ్చాడని కొట్టేశారు. 2-1తో ఓడాం. అడ్డు రాకపోతే రక్షణ ఆటగాడు ఎందుకు? పద్దు పడింది.

కానీ తత్వశాస్త్రం దృష్ట్యా నా చిట్టాలో మేలిమి పద్దు 2023 మే 12. ఫ్లోరిడా మీద ఐదో మ్యాచ్, ఓడితే ఇంటికే. మోర్గన్ రైలీ కొట్టిన పక్, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ, గోల్ గీత దాటింది. గోల్ కాదన్నారు. ఎందుకయ్యా అంటే, గోలీ (గోల్‌కీపర్) కింద పక్ కనబడనందున ఆట అప్పటికే ఆగిపోయిందట. విజిల్ మోగనిదే ఆట ఎలా ఆగుతుంది? ఆగుతుంది. విజిల్ ఊదడంలో మానవ సహజమైన ఆలస్యం ఉంటుంది కనుక, అది మోగడానికి కాస్త ముందే ఆట ఆగినట్టు రిఫరీ భావించవచ్చని రూల్‌బుక్కులోనే ఉంది. మనం మనసా, వాచా, కర్మణా అంటాం. ఇక్కడ మనసా ఒక్కటే చాలు. ఇంత సూక్ష్మమైన వేదాంతం, మంచు మీద పళ్ళూడేలా కొట్టుకునే ఆటలో ఉంటుందని ఎవరూహిస్తారు? ఆ రాత్రి ఓవర్‌టైమ్‌లో పోయాం. మర్నాడు చెత్తడబ్బా ఎందుకు బయట పెట్టలేదని మా ఆవిడ అడిగితే, పెట్టాలని సంకల్పించిన క్షణానే పెట్టినట్టు లెక్క అని ఆ రూల్ చదివి వినిపించాను. వీడియో రివ్యూ లేకుండానే తీర్పు వచ్చింది.

పక్కవాళ్ళ చిట్టాలు కూడా చూస్తుంటాను. వృత్తిధర్మం.

మా తోడల్లుడు టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాడు. తెలుగువాళ్ళ ఊరు, అంతకుమించి డాలస్ స్టార్స్ ప్రాక్టీసు చేసే ఊరు. 1999 జూన్‌లో ఫైనల్ ఆరో మ్యాచ్, బఫెలోలో, మూడో ఓవర్‌టైమ్‌లో, అర్ధరాత్రి దాటాక డాలస్ తరఫున బ్రెట్ హల్ కొట్టిన గోల్‌తో వాళ్ళు కప్పు ఎత్తారు. అప్పటి రూల్, పక్ కంటే ముందు ఆటగాడి స్కేటు గోలీ ముందున్న గీత దాటకూడదని. ఆ ఏడాదంతా వీడియో చూసి మరీ గోల్స్ కొట్టేశారు. హల్ ఎడమ స్కేటు గీత లోపలుంది. అయినా పక్ మొదటినుంచీ అతని స్వాధీనంలోనే ఉంది కనుక గోలే అంది లీగ్. ఈలోగా మంచంతా ఫోటోగ్రాఫర్లు, కౌగిలింతలు. మూడు ముళ్ళూ పడ్డాక పెళ్ళి ఆపండంటే ఎవరాపుతారు? పెళ్ళయ్యాక ఆ రూలే ఎత్తేశారు. ‘గోలే అన్నయ్యా, మళ్ళీ చూడు’ అని మా తోడల్లుడు ఇప్పటికీ వీడియో పంపుతాడు. కాదు, ముమ్మాటికీ కాదు అని తిప్పి పంపుతాను. బఫెలో మీద ప్రేమతో కాదు. ఆ ఏడు మమ్మల్ని 4-1తో ఇంటికి పంపింది వాళ్ళే. సూత్రం కోసం.

నన్ను నిజంగా బాధపెట్టింది సెయింట్ లూయిస్. 2019 మే 15న శాన్ హోజే వాళ్ళు చేత్తో అందించిన పక్‌తో ఓవర్‌టైమ్ గోల్ కొట్టారు. స్టేడియమంతా చూసింది, రిఫరీలు తప్ప. అంతకుముందు నెలలోనే వేగస్‌కి ఇవ్వకూడని ఐదు నిమిషాల పెనాల్టీ ఇస్తే, అదే శాన్ హోజే ఆ ఐదు నిమిషాల్లో నాలుగు గోల్స్ కొట్టింది. లీగ్ వేగస్‌కి క్షమాపణ కూడా చెప్పింది. ఇంతటి సంప్రదాయంలో సెయింట్ లూయిస్‌కి మేలిరకం అన్యాయం జరిగితే, వాళ్ళేం చేశారు? ఆ సిరీస్ గెలిచారు. తర్వాత కప్పే గెలిచారు. మూడు తరాలు కూర్చుని తినాల్సిన అన్యాయాన్ని నాలుగు వారాల్లో తగలేసుకున్నారు. ఇప్పుడు ఆ హ్యాండ్‌పాస్ గురించి వాళ్ళు మాట్లాడితే వినేదెవరు? అలాంటి దుబారా మా జట్టు ఎన్నడూ చెయ్యలేదు.

ఇక జమ సంగతి. మా ఆఫీసులో లాంగ్ ఐలండ్ నుంచి వచ్చిన ఒకాయన, నా చిట్టా చూసి, 2002 ఏ వైపు రాశావన్నాడు. ఆ ఏడు మొదటి రౌండులో మా డార్సీ టకర్ వాళ్ళ కెప్టెన్ మైకేల్ పెకాని మోకాళ్ళ దగ్గర ఢీకొట్టాడు. పెకా మోకాలు పోయింది, సీజన్ పోయింది. టకర్‌కి సస్పెన్షన్ పడలేదు. సిరీస్ ఏడు మ్యాచ్‌ల్లో మేం గెలిచాం. అది న్యాయంగా జరిగింది కాబట్టి రాయలేదన్నాను. ఆయన నవ్వాడు. వెంటనే 1980 తీశాను. ఆయన జట్టు ఐలండర్స్ ఫిలడెల్ఫియా మీద ఆడిన ఫైనల్ ఆరో మ్యాచ్‌లో పక్ నీలం గీత దాటి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళినా లైన్స్‌మన్ లియోన్ స్టికిల్ ఆఫ్‌సైడ్ ఇవ్వలేదు. ఆ గోల్ నిలిచింది. ఐలండర్స్ ఆ రోజే మొదటి కప్పు ఎత్తారు. అదేమంటావన్నాను. అది న్యాయంగానే జరిగిందన్నాడు. ఆయన దగ్గరా ఒక చిట్టా ఉందనీ, అందులోనూ ఎడమవైపు తెల్లగానే ఉంటుందనీ అప్పుడర్థమైంది. కలిసి టీ తాగాం.

పోయిన చలికాలం మా అమ్మాయి రిఫరీ అయింది. పదిహేనేళ్ళు. పిల్లల మ్యాచ్‌లకి మ్యాచ్‌కింత అని ఇస్తారు. చారల చొక్కా, చేతికి ఆకుపచ్చ పట్టీ, అంటే ఈ రిఫరీ ఇంకా మైనరు, నోరు అదుపులో పెట్టుకోండి అని తల్లిదండ్రులకి హెచ్చరిక. ఒక శనివారం వాళ్ళ తమ్ముడి మ్యాచే దానికి పడింది. వాడికి తొమ్మిదేళ్ళు. రెండో పీరియడ్‌లో ఎవడి కర్రో లేచి వీడి హెల్మెట్ జాలీకి టప్‌మని తగిలింది. విజిల్ లేదు. నేను లేచాను. లేచానన్న సంగతి అరిచాక తెలిసింది. ‘కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్!’ అని తెలుగులో అరిచాను. ఆ ఎరీనా మొత్తంలో అది అర్థమైన మనిషి ఒక్క రిఫరీయే.

కార్లో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. వీడు వెనకాల చిప్స్ తింటున్నాడు.

‘చూడలేదు నాన్నా. అటు తిరిగున్నా. చూడనిదానికి విజిల్ ఎలా ఊదను?’ అంది.

‘సరేలేరా తల్లీ’ అన్నాను. రెండు సిగ్నళ్ళు దాటాక, ‘తగిలిందైతే తగిలింది’ అన్నాను.

ఇంటికొచ్చి చిట్టా తీశాను. తారీఖు వేశాను. హై స్టిక్, పెనాల్టీ ఇవ్వలేదు, ఖర్చు వైపు. రిఫరీ పేరు రాసే చోట కలం ఆగింది. రాస్తే మా ఇంటిపేరే రాయాలి. ఒక రిఫరీ అని మాత్రం రాసి మూసేశాను.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఏమైందని మా ఆవిడ అడిగితే, ఎరీనాలో పూటీన్ తిన్నాగా అన్నాను.