అగత్తి విమానాశ్రయం: రన్‌వే కంటే ముందు తేల్చాల్సిన లెక్క

2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఫొటోలు బయటికొచ్చాక దేశం చూపంతా ఆ దీవుల మీద పడింది. మార్చి 31న ఇండిగో బెంగళూరు నుంచి అక్కడి అగత్తి దీవికి సర్వీసు మొదలుపెట్టింది. దాంతోపాటే పాత డిమాండూ లేచింది: రన్‌వే పొడిగించండి, జెట్‌లు దిగనివ్వండి అని. అసలు ఇబ్బంది ఎక్కడుందో చూడకుండా కాంక్రీటు పోయమనడం తొందరపాటే.

దీవి పొడవు ఏడున్నర కిలోమీటర్లు. వెడల్పు కిలోమీటరు మించదు. దక్షిణం కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. రన్‌వే ఉన్నది ఆ కొసలోనే. 1988లో ప్రారంభించినప్పుడు 19 సీట్ల డోర్నియర్లను దృష్టిలో పెట్టుకుని కట్టింది అది. వాటికంటే పెద్ద ప్రొపెల్లర్ విమానాలైన ఏటీఆర్‌లు ఆ తర్వాత వచ్చాయి. లక్షద్వీప్ మొత్తానికి ఇప్పటికీ విమానాశ్రయం ఇదొక్కటే.

రన్‌వే సుమారు 1200 మీటర్లు. ఏటీఆర్-72 నిండు బరువుతో లేవాలంటే మామూలు వాతావరణంలోనే దాదాపు 1300 మీటర్లు కావాలి. ఎండ ముదిరితే గాలి పలచబడుతుంది, ఇంకా ఎక్కువ దూరం పరిగెత్తాలి. రన్‌వే తడిస్తే బ్రేకుల పట్టు తగ్గుతుంది. టేకాఫ్ మధ్యలో ఆపాల్సి వస్తే ఆగడానికి చోటుండాలి కాబట్టి బరువు మరికొంత దించాలి. అందుకే కొన్ని సీట్లు ఖాళీగా వదిలేసి ఎగురుతారు. లోడ్ పెనాల్టీ అంటే ఇదే.

ఇంధనం సంగతి వేరే. అగత్తిలో దిగడం కుదరకపోతే పక్కన ఇంకో రన్‌వే లేదు, కేరళ తీరానికి వెనక్కి రావాల్సిందే. కొచ్చి సుమారు 460 కిలోమీటర్లు. ఆ తిరుగు ప్రయాణపు ఇంధనాన్ని ముందే నింపుకుని మోసుకెళ్లాలి. ఏటీఆర్ గంటకు 700 కిలోల దాకా తాగుతుంది. సామానుతో కలిపి మనిషికి వంద కిలోలు వేసుకుంటే, గంట ఇంధనమంటే ఏడుగురి బరువు. వానాకాలంలో ఓడలు తగ్గి విమానం మీదే ఆధారపడే రోజుల్లోనే ఈ కోత గట్టిగా తగులుతుంది.

మరి పొడిగిస్తే పోదా? ఎటు పొడిగించాలి? దక్షిణాన కల్పిట్టి అనే చిన్న దీవిదాకా వంతెన వేయాలన్నది ఒక ఆలోచన, లగూన్‌ను, అంటే పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్యనున్న లోతు తక్కువ నీటిని, పూడ్చాలన్నది ఇంకొకటి. రెండింటికీ పర్యావరణ అభ్యంతరాలు వచ్చాయి, అవి ఊరికే వచ్చినవి కావు. అలల దెబ్బను ముందు కాసేది పగడపు దిబ్బే. అక్కడ గోడ కడితే ఇసుక కదలిక మారి ఒడ్డు ఇంకోచోట కోసుకుపోతుంది. ఆ లగూన్‌లోని సముద్రపు గడ్డే పచ్చ తాబేళ్లకు మేత.

జెట్ దిగిందే అనుకుందాం. 2011 లెక్కల ప్రకారం అగత్తి జనాభా ఏడున్నర వేలు. తాగునీటికి ఆధారం వాన నీరు, నేల కింద పలచటి మంచినీటి పొర, రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో పెట్టిన సముద్రజల శుద్ధి ప్లాంటు. పైగా 1967 నాటి నిబంధనల ప్రకారం బయటివాళ్లకు ప్రవేశ అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు టికెట్ కంటే ముందు చూసుకోవాల్సింది దాన్నే. ఎంతమంది రావాలో తేల్చేది రన్‌వే ఒక్కటే కాదన్నమాట.

సీ ప్లేన్ కూడా ఉందిగా అంటారు. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి ఎగిరింది చూశాం. ప్రశాంతమైన నీటి మీద అది బాగానే ఉంటుంది. జూన్, జులైల అరేబియా సముద్రం కృష్ణమ్మ కాదు.

నా ఉద్దేశంలో 19 సీట్ల విమానాలను మళ్లీ తేవడమే దారి. ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసే డోర్నియర్లు 2022 నుంచి అరుణాచల్‌లో ప్రయాణికులతో తిరుగుతున్నాయి. వాటికి అగత్తి రన్‌వే బాగానే సరిపోతుంది. సీటుకయ్యే ఖర్చు ఎక్కువే, అందుకు చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం ఇచ్చే ఉడాన్ తరహా రాయితీ కావాలి. ఈలోపు ఏటీఆర్‌లలో లోడ్ పెనాల్టీ పడిన రోజున ఎవరిని ఆపాలో రాతపూర్వకంగా తేల్చాలి. కొచ్చి ఆసుపత్రికి వెళ్లే దీవి రోగి, తోడు వెళ్లే మనిషి ఆ జాబితాలో అందరికంటే చివర ఉండాలి.