సాంకేతికత సమర్థ వినియోగం: మా గోదావరి లంక నుంచి ఒక నివేదిక

పోయిన నెల నాకొక సర్టిఫికెట్ వచ్చింది. ‘ఆన్‌లైన్ బోధనాభ్యసనలో సాంకేతికత సమర్థ వినియోగం’ అనే అంశంపై రెండున్నర గంటల వెబినార్‌లో చురుగ్గా పాల్గొన్నానని అందులో రాసి ఉంది. పేరు ముందు శ్రీమతి అని పడింది. అది నా తప్పు కాదు, ఫారంలో మొదటి ఆప్షన్ అదే. మిగతాదంతా నిజమే. నేను చాలా చురుగ్గా ఉన్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురంలో దిగాను. మా ఆవిడ చెప్పిన నంబరు లేసు దారం కోసం మూడు కొట్లు తిరిగాను. తిరుగు పంటులో రొయ్యల బేరం కూడా ఆడాను. చొక్కా జేబులో ఉన్న ఫోను మాత్రం ఒక్క క్షణం కూడా వెబినార్ విడిచి కదల్లేదు. సమర్థ వినియోగమంటే ఇంతకన్నా ఏముంటుంది?

కార్యక్రమం జ్యోతి ప్రజ్వలనతో మొదలైంది. తెర మీద దీపం బొమ్మ, దాని కింద ‘అందరూ మ్యూట్‌లో ఉండి చప్పట్లు కొట్టగలరు’ అని సూచన. ముఖ్య అతిథిగారి పరిచయానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన మ్యూట్‌లో మాట్లాడుతున్నారని ఆయనకు తెలియజెప్పడానికి మరో ఆరు నిమిషాలు. తర్వాత స్లైడ్లు. పదకొండో స్లైడులో ‘స్లైడ్లను ఉన్నదున్నట్టు చదవరాదు’ అని ఉంది. దాన్ని ఆయన ఉన్నదున్నట్టు రెండుసార్లు చదివారు, రెండోసారి బాగా ఒత్తి పలుకుతూ. చివర్లో ఫీడ్‌బ్యాక్ లింకు పడగానే అప్పటిదాకా చడీచప్పుడూ లేని మూడొందల మంది ఒక్కసారిగా లేచారు. ‘సార్ లింకు ఓపెన్ అవ్వట్లేదు’, ‘సార్ నా పేరు తప్పు పడింది’, ‘సార్ ఇంకోసారి పెట్టండి’. క్విజ్‌లో పది ప్రశ్నలు. పదీ తప్పు కొట్టినా సర్టిఫికెట్ వస్తుంది. నేను పరీక్షించి చూశాను.

మధ్యలో ఒక్క ప్రశ్న అడిగాను. “సార్, మా దగ్గర ఇంటికొకటే ఫోను. అది పొద్దున్నే నాన్నతో పాటు రొయ్యల చెరువు మీదికి పోతుంది. పిల్లాడు క్లాసు దేంట్లో వినాలండీ?”

“చాలా మంచి ప్రశ్న” అన్నారాయన. “దీన్ని మనం ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం.”

ఆ జవాబుతో నా మనసు కుదుటపడింది.

ఇక మా ప్రగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మాకు అంత దూరం అక్కర్లేదు. మొదటిదానికే కాజ్‌వే మునుగుతుంది, బడి మూస్తాం. 2020కి ముందు ఇలాంటి రోజుల్ని సెలవులనేవాళ్లు. పిల్లలు ఏటిగట్టు మీద కూర్చుని వరదలో కొట్టుకొచ్చే దుంగలు లెక్కపెట్టుకునేవాళ్లు. ఆ వృథాను మేం పూర్తిగా అరికట్టాం. వరద రాగానే ఆన్‌లైన్ క్లాసు పెడతాం. వరద రాగానే కరెంటు తీసేస్తారు, ఇంకాసేపటికి టవర్ బ్యాటరీ కూడా దిగిపోతుంది. అంటే కరెంటూ సిగ్నలూ ఉన్న రోజుల్లో సుద్దముక్కతో చెబుతాం, రెండూ లేని రోజుల్లో ఆన్‌లైన్‌లో చెబుతాం. ఇంతటి సమన్వయం ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

నిరుడు అలాంటి రోజునే తొమ్మిదో తరగతికి సోషల్ క్లాసు పెట్టాను. పాఠం: డెల్టాలు ఎలా ఏర్పడతాయి. తరగతిలో 41 మంది. తెర మీద పదిహేడు నల్ల గళ్లు, ఒక గడిలో పిల్లాడి పేరుకు బదులు ‘నాన్న రొయ్యలు’ అని ఉంది. “నా మాట వినబడుతోందా?” అని నాలుగుసార్లు అడిగాను. ఒక గడి “ఆయ్” అంది. నైలు నది డెల్టా ఉపగ్రహ చిత్రం పెట్టాను. అది లోడవుతూ గుండ్రంగా తిరుగుతోంది. ఇంతలో ఎవడిదో మైకు తెరుచుకుంది.

“ఒరేయ్, గేదె తాడు తెంపుకుని గట్టెక్కేసింది! ఆ ఫోనక్కడ పడేసి రా!”

పదిహేడు గళ్లలో పన్నెండింటికి ప్రాణం వచ్చింది. ఎవరి గేదె, ఏ గట్టు, తెల్ల మచ్చదేనా? “మా ఇంటి ముందు నించే ఎల్లిందండి, ఇప్పుడే చూశానండి.” ఇంత చక్కటి సామూహిక చర్చ నా సర్వీసులో చూడలేదు. నలభై నిమిషాలకు ఉచిత మీటింగు దానంతటదే ఆగిపోయే సమయానికి గేదె దొరికింది. నైలు నది ఇంకా తిరుగుతూనే ఉంది. మీ గడప దాకా వచ్చి ఆగిన ఒండ్రు ఏ రంగులో ఉందిరా అని అడగాలనిపించింది గానీ, అది స్లైడులో లేదు. స్క్రీన్‌షాట్ తీసి అప్‌లోడ్ చేశాను. హాజరు 41.

డేటా విషయంలోనూ పిల్లలకు మేలే జరుగుతోంది. గంట వీడియో క్లాసుకు ఒక జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ రీచార్జి ఉన్న ఇంట్లో రెండో పీరియడ్ అయ్యేసరికే పిల్లాడికి స్వాతంత్ర్యం వచ్చేస్తుంది.

ఈ ఉత్సాహం నిన్న మొన్నటిది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీలో పాఠాలు వచ్చాయి. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఏడాది కాగానే ఉపగ్రహం ఎవరిది వాళ్లు తీసుకుపోయారు. 1984లో యూజీసీ దేశమంతటికీ టీవీలో తరగతి గది తెరిచింది. 2004లో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం లేచింది. 2017లో దీక్ష, స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలు. 2020లో పీఎం ఈ-విద్య అనే కేంద్ర పథకం. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి వాళ్లకు ట్యాబులు. ప్రతిసారీ ఒక ఆనకట్ట కట్టాం, ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టాం.

ఈ విషయంలో కాటన్ దొరది కొంచెం పాత పద్ధతి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు కదా, ఫోటో దిగి వెళ్లిపోవచ్చు. ఆనకట్టతో పాటు కాలువలు, లాకులు కూడా అన్నాడు. పెద్ద కాలువలోంచి పిల్లకాలువ, పిల్లకాలువలోంచి బోదె, బోదెలోంచి చేను. నీళ్లు చేలోకి దిగేముందు ఓటీపీ అడగవు. దాళ్వాకి నీళ్లు చాలకపోతే వంతులు పెడతారు, కాలువ కాపలా చూసే లస్కరు వచ్చి చూసిపోతాడు. అయినా శివారు చేలకు నీరందడం లేదన్న గొడవ నేటికీ ఉంది. ఉంటుంది కూడా, ఎందుకంటే శివారు రైతు ఊరుకోడు. కాలువలో గుర్రపుడెక్క తీయించమని ఆఫీసు ముందు కూర్చుంటాడు. సిగ్నల్ శివారులో ఉన్న పిల్లాడితో ఆ ఇబ్బంది లేదు. వాడి గొడవ కూడా మ్యూట్‌లోనే ఉంటుంది.

వెబినార్‌లో ఆయన ‘పరిశోధనలు చెబుతున్నాయి’ అని తొమ్మిదిసార్లు అన్నారు. ఏం చెబుతున్నాయో మాత్రం అనలేదు. ఒకరోజు ఖాళీ దొరికి నేనే వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. ఎడెక్స్ అనే వేదిక మీది ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణల్ని పరిశీలించి 2014లో తేల్చిందేమంటే, వీడియో ఆరు నిమిషాలు దాటితే జనం జారుకుంటారట. మన పీరియడు 45 నిమిషాలు. కాబట్టి ఆ పరిశోధన మనకు వర్తించదు. అంతకుముందు 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకో పని చేశారు. కొందరి చేత పాఠం మళ్లీ మళ్లీ చదివించారు, కొందరికి చదివాక పుస్తకం మూయించి గుర్తున్నది రాయమన్నారు. వారం తర్వాత చూస్తే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కానీ బాగా గుర్తుంటుందన్న నమ్మకం మాత్రం మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువట. మా శిక్షణలన్నీ ఎందుకు విజయవంతమవుతున్నాయో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడొక ఫిర్యాదు. మా బడిలో లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉంది. ఈ ప్రగతికి ఆవిడ అడ్డు. వరద సెలవుల్లో వీడియో క్లాసు పెట్టదు. రాత్రి ఏడున్నరకు, అంటే నాన్నలు ఇళ్లకు చేరి ఫోన్లు పిల్లల చేతికి వచ్చే వేళకు, వాట్సాప్‌లో నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడుతుంది. దాని బరువు ఒక ఎంబీ కూడా ఉండదు. ఒక్క గీత సిగ్నల్ ఉన్నా దిగిపోతుంది. చివర్లో మూడు ప్రశ్నలు: ఒకటి ఇవాళ్టిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి ఎప్పుడో జూన్‌లో చెప్పినది. పిల్లలు నోటు పుస్తకంలో చేసి ఫోటో తీసి పంపాలి. ఫోను లేని నలుగురికి అవే ప్రశ్నలు కాగితం మీద రాసి, పాల కేంద్రం కుర్రాడి చేతికిచ్చి పంపుతుంది. మర్నాడు ఒక్కొక్కరికీ పేరు పెట్టి వాయిస్‌లోనే చెబుతుంది: “ఒరే నాన్నా, మూడో లైన్లో మైనస్ మింగేశావు, అక్కడ్నించి మళ్లీ చెయ్యి.”

ఇందులో సాంకేతికత ఎక్కడుందో మీరే చెప్పండి. స్లైడు లేదు, యానిమేషన్ లేదు, దీపం బొమ్మ అసలే లేదు. తనిఖీకి వచ్చినాయన “లైవ్ క్లాసు స్క్రీన్‌షాట్లేవమ్మా?” అంటే, నోటు పుస్తకాల ఫోటోలు చూపించింది. అవి అప్‌లోడ్ చేయడానికి యాప్‌లో చోటు లేదు. రిపోర్టులో ఆవిడ పేరుకు ఎదురుగా ‘ఆన్‌లైన్ తరగతులు: సున్నా’ అని పడింది. ఆవిడ క్లాసులో పిల్లలకు లెక్కలు వస్తున్నాయన్నది వాస్తవమే గానీ, ఆ వివరానికి కూడా యాప్‌లో గడి లేదు.

ఈ నివేదిక అప్‌లోడ్ చేద్దామని మొన్న రాత్రి ఏటిగట్టు ఎక్కాను. మా ఊళ్లో సిగ్నల్ నిలబడేది రావిచెట్టు దగ్గరే. అక్కడ అప్పటికే ముగ్గురు పిల్లలు ఒకే ఫోను చుట్టూ తలలు పెట్టి గొంతుక్కూర్చున్నారు. టీచరమ్మ గొంతు వినబడుతోంది. నన్ను చూసి లేచారు.

“మేస్టారండీ, మూడోది రావట్లేదండి. పడవ ఏటివాలున గంటకి 12 కిలోమీటర్లు, ఎదురెళ్తే 8 అంటండి. ఏటి వేగం ఎంత అనండి.”

నాది సోషల్. ఏటివైపు చూశాను. ఏరు దాని పాటికది పోతోంది. చేతిలో నా ఫైలు తొంభై ఎనిమిది శాతం దగ్గర ఆగి ఉంది.

“చాలా మంచి ప్రశ్న” అన్నాను. “దీన్ని మనం ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం.”

వాళ్లలో చిన్నవాడు ఓసారి నన్ను, ఓసారి ఏటిని చూశాడు.

“ఇప్పుడు ఆఫ్‌లైన్లోనే ఉన్నాం కదండీ, ఆయ్!”