మహారాజశ్రీ హెడ్డింగ్ గారికి

మహారాజశ్రీ హెడ్డింగ్ గారి దివ్యసముఖమునకు, స్పోర్ట్స్ డెస్కులో తమరికి పన్నెండేళ్లు ఊడిగం చేసిన మాజీ సబ్ ఎడిటర్ నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరి కుశలం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. రోజూ పొద్దున్నే గుమ్మంలో పడుతూనే ఉన్నారు. ఈమధ్య ఫోన్లలోకి కూడా మకాం మార్చి, "ఆ తర్వాత ఏం జరిగిందంటే..." అంటూ కొత్త వేషాలు నేర్చారు. ఆ గొడవ ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇది 2010 జూన్ 24 రాత్రి సంగతి. తమరికి గుర్తుండదు. తెల్లారితే నిన్నటిది మర్చిపోవడమే కదా మీ వృత్తి. నాకు మాత్రం బాగా గుర్తుంది. ఆ రాత్రి దంబుల్లాలో ఆసియా కప్ ఫైనల్. శ్రీలంకను 81 పరుగుల తేడాతో ఓడించి, ధోని జట్టు పదిహేనేళ్ల తర్వాత కప్పు తెచ్చింది. వింబుల్డన్‌లో ఇస్నర్, మహుత్ మూడో రోజూ ఆడి, ఆఖరి సెట్టు 70-68 దగ్గర ఎట్టకేలకు ఆపారు. జొహానెస్‌బర్గ్ ఎలిస్ పార్క్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్‌లో ప్రపంచ చాంపియన్ ఇటలీని స్లొవేకియా 3-2తో కొట్టి ఇంటికి పంపింది. మూడూ కాస్త అటూ ఇటూగా ఒకే గంటలో తేలాయి. జిల్లా ఎడిషన్ పేజీ వదలడానికి ఇంకో అరగంట. డెస్కులో టీ తాగేవాడు లేడు.

బ్యానర్ ధోనికి. అందులో చర్చే లేదు. టెన్నిస్‌కు బాక్సు కట్టాం. మిగిలింది నాలుగు కాలమ్‌లు. అందులో తమర్ని నా చేత్తోనే కూర్చోబెట్టాను: "ఇటలీ ఇంటికి!"

రెండే మాటలు. మొదటి అక్షరాలు కలిశాయి, చోటులో కుదురుగా సరిపోయారు. వెనకనుంచి చూసిన మా చీఫ్ సబ్ "శభాష్" అన్నాడు. నాకూ ఛాతీ ఉబ్బింది. ఇంతకీ గెలిచిందెవరు స్వామీ? శుభలేఖలో పెళ్లికొడుకు పేరు మర్చిపోయి, పెళ్లికి రాని మేనమామ పేరు పెద్దక్షరాల్లో వేసినట్టుంది మన పని. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. తమరి లెక్కలో ఇటలీ కూడా అంతే. గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా, న్యూజిలాండ్ కంటే కింద, అట్టడుగున మిగిలి కూడా హెడ్డింగ్ కొట్టేసింది.

అసలు జరిగింది ఒకసారి చూడండి. 25వ నిమిషం. ఇటలీ మిడ్‌ఫీల్డర్ దె రోసి తన సగంలోనే బంతిని పరధ్యానంగా వదిలాడు. స్లొవేకియా ఆటగాడు కుచ్కా మధ్యలో అందుకుని ముందుకు తోశాడు. అక్కడున్న 11వ నంబర్ చొక్కా మనిషి కంగారు పడకుండా, నేలబారుగా, గోల్‌కీపర్ చేతికి అందకుండా కొట్టాడు. 73వ నిమిషంలో కార్నర్‌ను దగ్గర్లోకే ఇచ్చిపుచ్చుకుని హమ్‌షిక్ లోపలికి పంపితే, అదే 11వ నంబర్ ఇటలీ డిఫెండర్ కియెలీని కంటే అరడుగు ముందు కాలు పెట్టాడు. ఆ అరడుగే మ్యాచ్. తర్వాత కొపూనెక్ సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన రెండు నిమిషాలకే మూడోది వేశాడు. కాలు తడవకముందే ఏరు దాటినవాడు, ఆయన సంగతి వేరు.

ఆ 11వ నంబర్ పేరు రోబెర్ట్ విట్టెక్. వార్తలో రాశాను, ప్రమాణపూర్తిగా. కాకపోతే పేజీ కట్టేటప్పుడు కాపీ నాలుగు లైన్లు ఎక్కువైంది. కింద బనియన్ల ప్రకటన. ప్రకటనను ఎవరూ కొయ్యరు కాబట్టి వార్తనే కోశాం. పోయిన నాలుగు లైన్లలో ఆయన ఉన్నాడు. చివరికి స్కోరు వరసలో "విట్టెక్ 25, 73" అని మిగిలాడు, కరెంటు బిల్లులో రీడింగులాగా.

ఇంకా ఘోరం, రెండు జిల్లాల పేజీల్లో స్లొవేకియా బదులు స్లొవేనియా అని పడింది. ముందురోజే ఇంగ్లండ్ చేతిలో ఓడి ఇంటికెళ్లిపోయిన స్లొవేనియా, మా పుణ్యమా అని తిరిగొచ్చి ఇటలీని ఓడించింది. ఫోన్ చేసి అడిగిన పాఠకుడు ఒక్కడూ లేడు. ధోని ఇంటిపేరులో ఒత్తు తప్పుంటే తెల్లారేసరికి ఆఫీసు ముందు జనం ఉండేవాళ్లు.

మర్నాడు తమరికి కాస్త జాలి కలిగి, ఫాలోఅప్‌లో "పసికూన సంచలనం" అయ్యారు. ఎవరండీ పసికూన? ఆ మనిషికప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. పుట్టింది బ్రాటిస్లావాలో. స్లోవాన్ క్లబ్బుకు ఆడటం మొదలుపెట్టింది పదిహేడేళ్లకే. ఆ క్లబ్బు మైదానం పేరు తెహెల్నే పోలె, అంటే ఇటుకల పొలం. మన ఊళ్లో అయితే బట్టీల గ్రౌండు అనేవాళ్లం. ఆ క్లబ్బేమీ నిన్న మొన్న మొలిచింది కాదు. 1969లో యూరప్ క్లబ్బుల కప్ విన్నర్స్ కప్ ఫైనల్లో బార్సిలోనాను ఓడించింది. అప్పుడూ 3-2. తమరు అప్పుడు ఎవరి పేరు మోశారో నేను చూడలేదు గానీ, ఊహించడం కష్టమా? 1976 యూరో ఫైనల్ సంగతీ అంతే. పశ్చిమ జర్మనీని ఓడించిన చెకొస్లొవేకియా (అప్పుడు చెక్‌లు, స్లొవాక్‌లు ఒకే దేశం) పదకొండు మందిలో ఎనిమిది మంది స్లొవాక్‌లు. కెప్టెన్ ఒంద్రుష్ కూడా స్లొవాకే. తమరికి దొరికింది మాత్రం ఆఖరి పెనాల్టీని మెల్లగా ఎత్తివేసిన పనెంకా. ప్రేగ్ మనిషి. బంతి బాగా వేశాడు, నేనేమీ కాదనను. కానీ మిగతా పదిమంది బరువు ఎవరు మోశారు?

విట్టెక్ 2003లో జర్మనీ వెళ్లి న్యూరెంబర్గ్ క్లబ్బులో చేరాడు. చేరిన వేళ కూడా చూడండి, క్లబ్బు అప్పుడే రెండో డివిజన్‌కు జారిపోయింది. అదే ఏడాది అదే దేశం నుంచి మింతాల్ కూడా వచ్చాడు. క్లబ్బు పైకొచ్చాక, 2004-05 బుందెస్‌లీగాలో 24 గోల్స్‌తో మింతాల్ అగ్రస్థానం. అక్కడి తమరి బంధువులు ఆయనకు "ఫాంటమ్", అంటే భూతం, అని బిరుదిచ్చారు. తర్వాతి సీజన్లో ఫాంటమ్ గాయంతో చాలాకాలం బయట కూర్చుంటే, అట్టడుగున ఉన్న జట్టుకు 16 గోల్స్ వేసి ఒడ్డున పడేసింది విట్టెక్. బిరుదు మాత్రం రాలేదు. గాయపడిన భూతానికి పేరుంది, బరువు మోసిన మనిషికి లేదు.

న్యూరెంబర్గ్ గురించి అక్కడి అభిమానులు తామే ముద్దుగా "మా క్లబ్బు ఒట్టి వెర్రిబాగుల్ది" అంటారు. ఊరికే అనరు. 1968లో జర్మనీ చాంపియన్ అయి, మరుసటి ఏడే కింది డివిజన్‌కు పోయిన ఘనత దానిది. ఆ ముచ్చట చాలక 2007లో జర్మన్ కప్ గెలిచి (ఫైనల్లో స్టుట్‌గార్ట్ మీద, మళ్లీ 3-2!), 2008లో మళ్లీ జారింది. విట్టెక్ పెట్టె సర్దుకుని ఫ్రాన్స్‌లో లిల్ వెళ్లాడు. అక్కడ పెద్దగా పొద్దు గడవలేదు. 2010 మొదట్లో టర్కీలో అంకారగూచూకు మారాడు. అంటే ప్రపంచ చాంపియన్‌ను రెండు గోల్స్‌తో కొట్టిన మనిషి క్లబ్బు పేరు ఏ ఎడిషన్లోనూ తప్పు లేకుండా పడి ఉండదని నా నమ్మకం.

ఇంకో లెక్క చెబుతాను. స్వతంత్ర దేశంగా స్లొవేకియాకు అది తొలి ప్రపంచకప్. మొత్తం వేసినవి అయిదు గోల్స్, అందులో నాలుగు ఆయనవి. న్యూజిలాండ్ మీద ఒకటి, ఇటలీ మీద రెండు, డర్బన్‌లో నెదర్లాండ్స్ మీద ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో పెనాల్టీ. ఆ చివరిదానితో టోర్నీ గోల్స్ పట్టికలో హిగ్వెయిన్ పక్కన పైవరసలో నిలబడ్డాడు, జట్టేమో అదే నిమిషంలో ఇంటిదారి పట్టింది. టోర్నీ అయ్యాక చూస్తే ముల్లర్, విల్లా, స్నైడర్, ఫోర్లాన్‌లకు తలా అయిదు. ఒక్క గోల్ తక్కువ. ఆ నలుగురూ ఏడేసి మ్యాచ్‌లు ఆడే జట్లవాళ్లు, అందులో స్నైడర్‌నైతే డర్బన్‌లో ఆయన ఎదురుగానే చూశాడు.

తర్వాత కథ తమరికి ఎప్పుడూ పట్టదు కాబట్టి క్లుప్తంగా. అంకారలో క్లబ్బుకు డబ్బు కష్టాలు, మధ్యలో ట్రాబ్జోన్‌స్పోర్‌కు అప్పుమీద వెళ్లడం, మోకాలి బాధ, ఆనక మళ్లీ బ్రాటిస్లావా, మళ్లీ స్లోవాన్. దేశం తరఫున 82 మ్యాచ్‌లు, 23 గోల్స్. అది చాలాకాలం స్లొవాక్ రికార్డు. తర్వాత హమ్‌షిక్ దాన్ని దాటి 26 దాకా వెళ్లాడు. అప్పుడు తమరు అక్కడ తప్పకుండా పడి ఉంటారు, హమ్‌షిక్ జుట్టుతో సహా.

మొన్న ఇల్లు మారుతుంటే ఆ పేజీ క్లిప్పింగు బీరువా అడుగున దొరికింది. బనియన్ల ప్రకటన రంగు వెలిసినా చెక్కుచెదరలేదు. చూస్తూ కూర్చుంటే పదిహేనేళ్లు ఆలస్యంగా ఒక హెడ్డింగ్ తట్టింది. పేరు పలకడం కష్టం, హెడ్డింగ్‌లో ఇమడదు అని ఆ రాత్రి నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఆ పేరులో మన ప్రాస దాక్కుని ఉందని చూడలేదు. తమరి అనుమతి కోసం పంపుతున్నాను:

"కొట్టె విట్టెక్.. తట్టాబుట్టా సర్దె ఇటలీ!"

నాలుగు కాలమ్‌లలో పట్టదు, కొలిచి చూశాను. ఆరు కావాలి. ధోని గారిని కాస్త అటు జరగమంటారా?

ఇట్లు,
తమరి పాత కూలీ