గాలి ఎటు వీస్తే ఆ శాఖది

చెరువులో గుర్రపు డెక్క పెరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పీకడానికి కావాలి. తిరుపతి చుట్టుపక్కల ఒక చెరువు ఆయకట్టు రైతులు సొంత ట్రాక్టర్లతో, సొంత డీజిల్‌తో డెక్క తీసేసుకుంటామని అర్జీ పెట్టుకుంటే, ఐదు శాఖల నుంచి ఎన్ఓసీలు, అంటే అభ్యంతరం లేదనే పత్రాలు తెమ్మన్నారట. ఏ చెరువో చెప్పను. మీ ఊరిదే అనుకోండి, పెద్దగా తప్పు పోదు. ఊరంతా శాఖలను తిట్టిపోస్తోంది గానీ, నేను శాఖల పక్షమే. దక్షిణ అమెరికా నుంచి ఇంత దూరం వచ్చిన అతిథిని విచారణ లేకుండా మెడపట్టి గెంటేస్తామంటే ఎలా?

అయినా శాఖలది మాత్రం తక్కువ కష్టమా? ఆయకట్టు నూరెకరాలు దాటితే చెరువు జలవనరుల శాఖది, లోపైతే పంచాయతీది. ఊరు పెరిగి చెరువు మీద పడితే కార్పొరేషన్ కూడా పక్కన చేరుతుంది. చేపల సంగతి మత్స్యశాఖ చూసుకుంటుంది. నేల, హద్దు రాళ్లు, ఆక్రమణలు రెవెన్యూవి. డెక్క నేల మీద ఉండదు, నీళ్లలో ఈదదు, పన్ను కట్టదు. తేలుతుంది. తేలేదాన్ని రాసుకోవడానికి అడంగల్‌లో, అదే రెవెన్యూ వాళ్ల పొలాల లెక్కల పుస్తకంలో, గడి లేదు.

పోనీ చిత్తడి నేల అని రక్షణ కోరదామా? 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు తీసి చూడండి. సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టుకున్న జలాశయాలు చిత్తడి నేలల లెక్కలోకి రావని అందులో స్పష్టంగా ఉంది. రాయలచెరువు అంతటిది కూడా సాగు కోసం కట్టిందే కాబట్టి కాగితం మీద చిత్తడి నేల కాదు. అక్కడ వాలే కొంగలకు ఈ విషయం ఇంకా తెలియజేసినట్టు లేదు.

అర్జీ వెళ్లాక జాయింట్ ఇన్‌స్పెక్షన్ అనే వైభోగం ఒకటుంటుంది. పది గంటలకని తాకీదు, పదకొండున్నరకు జీపులు కట్టెక్కుతాయి. అప్పటికి గాలి ఇటు కొడుతూ డెక్కంతా కట్ట వారన, తూము నెత్తిమీద పేరుకొని ఉంటుంది. “కట్ట మాది, తూము మాది, కాదనను. చెత్త మాత్రం పారిశుద్ధ్యం కిందికి వస్తుంది గదా?” అంటాడు జలవనరుల శాఖ ఇంజనీరు, ఏఈ. “నీళ్లలో ఉన్నంతసేపు చెత్త కాదు సార్. ఒడ్డున పడితే చెత్త. మీరు ఒడ్డునెయ్యండి, మేం ఎత్తుకుంటాం” అంటాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్. “కట్ట మీద వేస్తే ఊరుకోం!” అని మళ్లీ ఏఈ. “దాని కింద చేపలుండాయప్పా, వేలం పాట పాడినోళ్లు ఒప్పుకోవాల గదా” అని మత్స్యశాఖాయన గొణుగుతాడు. వీఆర్వో చెరువు పటం విప్పుతాడు. అది గాలికి లేస్తుంది, ముగ్గురు పట్టుకుంటారు. ఈలోగా గాలి తిరుగుతుంది. అందరూ చూస్తుండగానే ఎకరాల కొద్దీ పచ్చటి పరుపు ఊదారంగు పూలతో సహా మెల్లగా కదిలి, అవతలి ఒడ్డున పంచాయతీ హద్దులోకి వెళ్లి ఆగుతుంది. ఏఈ మొహం వెలుగుతుంది, పంచాయతీ కార్యదర్శి మొహం మాడుతుంది. “ఇప్పుడే వచ్చింది సార్, మాది కాదు” అంటాడు. మూల నిలబడ్డ పెద్దాయన జాలిపడి, “సాయంత్రం దాకా ఉండండి సామీ, మళ్లీ మీవైపే వస్తాది, అప్పుడు రాసుకోండి” అంటాడు. మినిట్స్‌లో మాత్రం “సదరు మొక్క స్థిరంగా లేనందున తదుపరి సమావేశానికి వాయిదా” అని రాస్తారు.

ఈ వాయిదాలోనే ఉంది కిటుకంతా. మురికి అందే వెచ్చటి నీళ్లలో డెక్క రెండు వారాలకు రెట్టింపవుతుంది. 95 శాతం తొలగించామని బిల్లు పెట్టిన రోజున మిగిలింది 5. రెండు వారాలకు 10, నాలుగు వారాలకు 20, ఆరింటికి 40, ఎనిమిదింటికి 80. తొమ్మిదో వారం దాటేలోగా చెరువు నిండుతుంది. బిల్లు మాత్రం ఇంకా ట్రెజరీ గడప తొక్కి ఉండదు.

టన్నుల లెక్కన టెండరు పిలిచిన మేధావికి సన్మానం చేయాలి. డెక్కలో సుమారు 95 శాతం నీళ్లే. దట్టంగా పరుచుకున్న చోట హెక్టారుకు 200 టన్నులు తూగడం మామూలు. తొక్కి తొక్కి నింపినా ట్రాలీకి రెండు టన్నులనుకుంటే వంద ట్రిప్పులు. ఎండబెడితే మిగిలేది పది టన్నులు. తక్కిన 190 టన్నులకు మనం కిరాయి కట్టి మోయించింది చెరువు నీళ్లు. కొలిచి డబ్బివ్వాల్సింది విస్తీర్ణానికి, అదీ మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచాక.

పద్ధతేం బ్రహ్మవిద్య కాదు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మొదలుపెట్టి, ఈశాన్య రుతుపవనాలకు ముందే ముగించాలి. ఖాళీ డ్రమ్ములు కట్టిన తాడుతోనో వెదురు బొంగులతోనో పరుపును చుట్టి, గాలి ఎటు కొడుతుందో ఆ ఒడ్డుకే లాగాలి. గాలికి ఎదురు లాగితే మనుషులు అలిసిపోతారు, డెక్క అలిసిపోదు. కట్ట మీద నిలబెట్టిన జేసీబీ చెయ్యి ఐదారు మీటర్లకు మించి అందదు, పైగా బరువుకు కట్ట దిగబడుతుంది. తీసింది కట్ట లోపలి వాలున పోయకూడదు. చెరువు నిండితే నీళ్లు వచ్చే గీతకు పైన, బయట ఆరబెట్టాలి. తొలి వాన పడ్డాక నీటి అంచున బురదలో చిన్న మొలకలు వరసగా లేస్తాయి, ఎందుకంటే విత్తనం అడుగు బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు చావకుండా ఉంటుంది. వాటిని చేత్తో పీకడానికి నెలకొకసారి ఒక మనిషి చెరువు చుట్టూ నడవాలి. ఎస్టిమేటులో ఆ మనిషి ఎప్పుడూ ఉండడు.

మందు కొడదామనే మొనగాళ్లు వేరే. గ్లైఫోసేట్ అనే కలుపు మందును శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2,4-డి అనే ఇంకో కలుపు మందు కొడితే డెక్క మెలితిరిగి చస్తుంది, నిజమే. ఆ తుంపర గాలికి కింది టమాటా తోట మీద పడితే ఆకులు ముడుచుకుపోతాయి, ఆ పంట ఇక లేవదు. చెరువంతా ఒకేరోజు కొడితే కుళ్లే డెక్క నీళ్లలోని ఆక్సిజన్ లాగేసుకుంటుంది, తెల్లారేసరికి చేపలు తెల్లగా తేలతాయి. కొట్టక తప్పకపోతే మూడో వంతే కొట్టి, అది కుళ్లి అణిగాక తర్వాతి ముక్కకు పోవాలి.

ఈ దేశంలో పద్ధతిగా అనుమతి తీసుకుని వచ్చింది ఒక్క పురుగే. నియోకెటినా అనే ముక్కు పురుగును 1980లలో తెప్పించి, మన పంటల జోలికి రాదని పరీక్షించాకే బెంగళూరు వైపు చెరువుల్లో వదిలారు. రాత్రిపూట ఆకు గీకుతుంది, దాని పిల్ల కాడను తొలుచుకుంటూ మొదట్లోకి దిగుతుంది. మూడు, నాలుగేళ్లు పడుతుంది, ఒక మూల డెక్కను దానికోసం వదలాలి. టెండరు అడగదు కాబట్టి మనవాళ్లకు నచ్చదు.

ఇంతకీ డెక్క ఏం తిని బతుకుతోంది? మీ ఇంటి డ్రైనేజీ తిని. చెరువులో మురుగు కలపడం 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం నిషేధం. నిజంగా అనుమతి కావాల్సింది ఆ కాలవకు! దాన్ని ఎన్ఓసీ అడిగిన మొనగాడు ఒక్కడు లేడు. పీకుతామన్న రైతును మాత్రం ఐదు ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. చివరికి పని మొదలయ్యాక ఆ కక్కసు నీళ్లలో నడుంలోతు దిగేది ఎవరు? కూలికొచ్చిన ఆడవాళ్లు. చేతికి గ్లోవ్స్ లేవు, కాలికి బూట్లు లేవు, అడుగున సీసా పెంకులు, వేర్లను పట్టుకుని వేలాడే మాన్సోనియా దోమ పిల్లలు. కాలవ మూతి కట్టకుండా వీళ్లను ఏటా అందులోకి దింపడానికి సిగ్గుండాలి. ఎస్టిమేటు మీద సంతకాలు పెట్టేవాళ్లు ఒక్క పూట, ఒక్క గంట దిగి చూడండి!

ఈలోగా అక్టోబరు వస్తుంది. వానకు చెరువు నిండి మరవ (అలుగు) పారుతుంది, డెక్క దాని మీదుగా కింది చెరువులోకి జారుకుంటుంది. కింది చెరువు వేరే మండలం. తహసీల్దారు వేరు, ఏఈ వేరు, ఫైలు నంబరు వేరు.