లావొక్కింతయు లేదు అని మనం ఎప్పుడంటాం?

పోయిన ఏడాది ఆగస్టులో నా ఉద్యోగం పోయింది. ఈ ఒక్క ముక్క మన తెలుగు అసోసియేషన్ పత్రికలో రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది, అందుకే ముందు అదే రాసేశాను.

ఇక్కడ అమెరికాలో హెచ్1బీ, అంటే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండడానికి మహా అయితే 60 రోజులు, ఐ94లో, అంటే దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డులో, గడువు అంతకంటే ముందే అయిపోతే అన్ని కూడా ఉండవు. ఆలోపు కొత్త కంపెనీ మన కోసం వీసా పిటిషన్ వెయ్యాలి, లేదంటే వేరే వీసా స్టేటస్‌కి మార్చుకోవాలి, అదీ కాకపోతే సామాను సర్దుకోవాలి. 2017 జనవరికి ముందైతే రూల్స్‌లో ఆ మాత్రం గడువు కూడా లేదు. ఈ లెక్కలన్నీ నాకు తెలుసు, స్ప్రెడ్‌షీట్ కూడా వేసుకున్నాను. ఉద్యోగం లేని మనిషిగా నలుగురి ముందు ఎలా కూర్చోవాలో మాత్రం తెలియలేదు.

అప్పుడు మా అత్తగారు మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాడ్జి కంపెనీవాళ్ళు తీసేసుకున్నారు కాబట్టి దాని తాడు మాత్రం జేబులోంచి కాస్త కనపడేలా పెట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరేవాణ్ణి. డాలస్ పక్కన ప్లేనోలో ఒక లైబ్రరీ పార్కింగ్ లాట్, చెట్టు నీడ పడే చోటు ఒకటి చూసుకున్నా. పెరుగన్నం అక్కడే, కార్లోనే ఏసీ వేసుకుని. తెనాలికి వీడియో కాల్ కూడా అక్కణ్ణుంచే, స్టీరింగ్ కనపడకుండా ఫోన్ కొంచెం పైకి పట్టుకుని. వాళ్ళకి అప్పుడు సాయంత్రం ఆరున్నర, వెనకాల అమ్మ దీపం పెడుతూ కనిపించేది. "తిన్నావా" అనేవారు నాన్న, "ఆ, తిన్నా నాన్నా, ఆఫీసుకి వచ్చేశా" అనేవాణ్ణి. ఇలా 23 రోజులు.

గుడికి కూడా వెళ్ళాను, ప్రతి శనివారం. దేవుడి ముందు కూడా అదే ఇస్త్రీ చొక్కా. స్వామీ మంచి ఉద్యోగం ఇప్పించు అని అడిగాను, మొక్కులు మొక్కాను, ప్రదక్షిణలు లెక్కపెట్టుకున్నాను, కానీ నాకు భయంగా ఉంది, నాకు సిగ్గుగా ఉంది అని ఆయనకైనా ఒక్కసారి చెప్పలేదు. అన్నీ తెలిసినవాడి దగ్గర కూడా దాచాను.

మా పాపకి తొమ్మిదేళ్ళు. దసరా ఫంక్షన్‌లో పద్యాల పోటీకని గజేంద్రమోక్షం పద్యం నేర్చుకుంటోంది. ఒక ఆదివారం తెలుగు క్లాసు నుంచి వస్తుంటే వెనక సీట్లోంచి అడిగింది, "నాన్నా, లావు అంటే ఫ్యాట్ కదా, ఏనుగు లావే కదా, మరి లావు లేదంటుందేంటి?" ఇక్కడ లావు అంటే బలం అమ్మా, నాకు కొంచెం కూడా బలం లేదు అంటోంది అని చెప్పాను. ధైర్యము విలోలంబయ్యె? ధైర్యం ఊగిపోతోంది. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను? ప్రాణాలు ఉన్న చోట ఉండట్లేదు. మూర్ఛ వస్తోంది, ఒళ్ళు డస్సిపోయింది. ఒక్కో మాటకీ అర్థం చెప్తుంటే నా గొంతు పూడుకుపోయింది. పాప కాసేపు ఆగి, "అంత పెద్ద ఏనుగు, అందరికీ వినపడేట్టు అలా చెప్పేసిందా?" అంది.

కారు పక్కకి తీసి ఆపాను.

ఆ పద్యం నాకు చిన్నప్పట్నుంచి నోటికి వచ్చు, మీలో చాలామందికి వచ్చు. కానీ దానికి ముందు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏనుగు వెయ్యేళ్ళు పోరాడింది, అలయక సొలయక అంటాడు పోతన. ఆ తర్వాత అసలు దేవుడు కలడో లేడో అని అనుమానం కూడా బయటికే అనేసింది. అప్పుడు నాకు బలం లేదు అంది. ఆ తర్వాతే రావే ఈశ్వరా. అర్జునుడూ అంతే, గీత రెండో అధ్యాయం ఏడో శ్లోకంలో నాకు దిక్కు తోచట్లేదు, నీ శిష్యుణ్ణి, నాకు చెప్పు అంటాడు, కృష్ణుడి బోధ మొదలయ్యేది పదకొండో శ్లోకంలో. వైష్ణవులు శరణాగతికి ఆరు అంగాలు చెప్తారు, అందులో ఒకటి కార్పణ్యం, అంటే నా వల్ల కావట్లేదని ఒప్పుకోవడం. మనం ఏమో బాగుపడ్డాక, గట్టిపడ్డాక, అప్పుడు తీరిగ్గా మనల్ని మనం ఒప్పుకుందాంలే అనుకుంటాం. నాకర్థమైనంతలో అది తలకిందులు. ఒప్పుకోవడం మొదటి మెట్టు, దాన్ని దాటేసి చేసే ప్రదక్షిణ ఎన్నైనా కాళ్ళ నొప్పులే.

ఇక్కడ రెండు మాటలు కలిసిపోతుంటాయి, నాకు అది బాధ. మనకి సర్దుకుపోవడం బాగా వచ్చు, అమ్మలు అమ్మమ్మలు అదే నేర్పారు. సర్దుకుపోవడం అంటే లోపలిది లోపలే నొక్కిపెట్టి పైకి బావున్నామనడం. ఒప్పుకోవడం అంటే లోపల ఉన్నది ఉన్నట్టు చూడడం. అలాగని నేనింతే, నన్ను ఎవరూ ఏమీ అనొద్దు అనడం కూడా కాదు, ఏనుగు అలా అని నీళ్ళలో కూర్చోలేదు కదా, పిలిచింది. అమెరికన్ సైకాలజిస్టు క్రిస్టిన్ నెఫ్ 2003లో సెల్ఫ్ కంపాషన్ గురించి రాసినప్పుడు మూడు కలిపి చెప్పారు, మనతో మనం దయగా ఉండడం, ఈ కష్టం మనుషులందరికీ వచ్చేదే అని గుర్తుండడం, బాధని దాచకుండా పెంచకుండా చూడడం. నాకు ఈ రెండోది అస్సలు లేదు. ఈ ఊళ్ళో ఇలా ఉన్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. తర్వాత తెలిసింది, మా కాలనీలోనే ఇంకో ఇద్దరు నాలాగే పొద్దున్నే చొక్కా వేసుకుని ఎటో వెళ్తున్నారని.

అందుకే మన అసోసియేషన్‌ని అడుగుతున్నాను. ఉగాదికీ దసరాకీ స్టేజి మీద శాలువాలు కప్పుతాం, మంచిదే, పిల్లల స్పెల్లింగ్ బీ కప్పులకి చప్పట్లు కొడతాం, అదీ మంచిదే. అదే రోజు పక్కన ఒక చిన్న రూములో ఒక గంట పెట్టండి, ఫొటోలు వద్దు, వీడియోలు వద్దు, ఉద్యోగం పోయినవాళ్ళు, కాపురం చెడినవాళ్ళు, డాలస్‌లో గదిలో ఒంటరిగా పగలంతా కూర్చునే పెద్దవాళ్ళు, మార్కులు రాని స్టూడెంట్స్, ఎవరైనా వచ్చి తెలుగులో ఉన్నది ఉన్నట్టు చెప్పుకునేలా. ప్రాణం మీదకి వచ్చేంత బాధైతే రూము దాకా ఆగక్కర్లేదు, 2022 జులై నుంచి అమెరికా అంతా 988 హెల్ప్‌లైన్ ఉంది, రాత్రీ పగలూ కాల్ చెయ్యొచ్చు, మెసేజ్ అయినా పెట్టొచ్చు. పిల్లలకి ఆ పద్యం నేర్పుతున్నాం, పోటీలో రాగం తప్పితే మార్కులు తీస్తున్నాం, అదే పిల్ల ఇంటికొచ్చి నాకు మ్యాథ్స్ రావట్లేదు, భయమేస్తోంది అంటే, అలా అనకూడదు అంటున్నాం. నేనూ అన్నాను.

నాకు 52వ రోజున కొత్త కంపెనీ పిటిషన్ వేసింది, జీతం తక్కువే. ఒప్పుకున్నాను కాబట్టి ఉద్యోగం వచ్చిందని మాత్రం నేను చెప్పను, రాకపోయినా ఇదే రాసేవాణ్ణి.

ఆ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నాన్నకి ఫోన్ చేశాను, అక్కడ సోమవారం పొద్దున్న. ఇంట్లో వేసుకునే బనీనుతోనే వీడియో ఆన్ చేశాను. ఉద్యోగం పోయి 23 రోజులైంది నాన్నా, నాకు చాలా భయంగా ఉంది అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటూ కూర్చున్నారు. తర్వాత మళ్ళీ పెట్టుకుని నా వంక చూసి, "తిన్నావా" అన్నారు.

తినలేదు నాన్నా అన్నాను.